తలుపు మీద గూబ

మొన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చున్నాను. వేసవి సెలవులకి వచ్చిన మా రెండో అమ్మాయి కూతురు కూలరు ముందు బోర్లా పడుకుని, ఫోను గోడకి ఆనించి ఏదో చూస్తోంది. ఈ కాలం పిల్లలు ఫోనుల్లో ఏం చూస్తారో పట్టించుకోవడం నేనెప్పుడో మానేశాను, పట్టించుకున్నా మనకి అర్థమై ఏడ్చేదేముంది కనుక. అలాంటిది ఆ ఫోనులోంచి సన్నగా గజ్జెల చప్పుడు వచ్చింది. ఏడు గజ్జెలు ఒకదాని వెనక ఒకటి నేల మీద రాలినట్టు వచ్చి, చివర్న ఒక చిన్న పిల్లనగ్రోవి ముక్క. చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. ఆ చప్పుడు విని ఇరవై ఏళ్ళు దాటింది, అయినా నా చెవులు దాన్ని మర్చిపోలేదు.

మోకాళ్ళ మీద చెయ్యేసుకుని లేచి దాని భుజం మీదుగా తొంగిచూశాను. అదే. నీలం జుట్టు, మొహంలో సగం కళ్ళే, వీపున తూనీగ రెక్కలు. మా మనవరాలు నవ్వింది. అమ్మమ్మా, కార్టూను అనుకుంటున్నావేమో, దీన్ని యానిమే అంటారు, చాలా పాతది, ఈ మధ్యనే తెలుగులో పెట్టారు, ఇందులో ప్రేమలూ అవీ ఉంటాయి, నీలాంటి పెద్దవాళ్ళు చూడకూడదు అని వేళాకోళం చేసింది. నేను దీన్ని మీ అమ్మ పదో తరగతిలో ఉన్నప్పుడే చూశానే అంటే అది నమ్మలేదు. అయితే కథ చెప్పు చూద్దాం అంది. చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు మాటలు చెప్పానో లేదో, అది ఫోను ఆపేసి, లేచి కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేను చెప్పిన కథ వేరే, అందులో ఉన్న కథ వేరే. అదెందుకలా అయిందో దానికి చెప్పలేదు. మీకు చెబుతాను. మన వయసు వాళ్ళకైతే సగం చెబితే సగం అర్థమవుతుంది.

మా అత్తగారికీ నాకూ ఇరవై ఏళ్ళకి పైగా ఒకే వంటింట్లో గడిచినా, కలిసి కూర్చుని మాట్లాడుకున్నది లేదు. తిట్టుకునేవాళ్ళమని కాదు, తిట్టుకోవాలన్నా మాటలు కావాలి కదా. ఆవిడ చెప్పేది, నేను చేసేదాన్ని. ఉప్పు ఎక్కువైతే గిన్నె పక్కకి జరిపేది, అంతే, అందులో తిట్టూ ఉండేది, తీర్పూ ఉండేది. నరసరావుపేటలో మా వీధి మొదట్లో నిలబడి పిలిస్తే చివరింటి గేదె కూడా తలెత్తేది, అంత గొంతు. అలాంటి మనిషికి నీటికాసులొచ్చి చూపు పోయింది. మొదట పక్కలు కనపడలేదు, తర్వాత ఎదురుగా ఉన్నది కనపడలేదు, చివరికి పొద్దు పొడిచిందో గుంకిందో తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. డాక్టర్లు పోయిన చూపు రాదని చెప్పేశారు. చూపుతో పాటు గొంతు కూడా పోయినట్టు ఆవిడ నెమ్మదైపోయింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు జాలి కంటే ముందు హాయే అనిపించింది. ఈ మాట ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నాలు ఆవిడకి పొద్దుపోయేది కాదు. మా మామగారు అప్పటికే పోయారు, మా ఆయన పొలం పనుల మీద తిరిగేవారు, పిల్లలిద్దరూ చదువులకి పోయేవాళ్ళు. టీవీ పెట్టమనేది. నేను మీట నొక్కుతూ పోతుంటే ఒకరోజు ఆ గజ్జెల చప్పుడు దగ్గర, అక్కడ ఆపవే అంది. చూస్తే పిల్లల ఛానెలు, బొమ్మల కథ, అదీ ఇంగ్లీషులో. నాకొచ్చిన ఇంగ్లీషు బస్సు బోర్డులకి సరిపోతుంది, ఆవిడకి అదీ లేదు. ఇది మనకెందుకత్తా అంటే, ఉండనీయ్, ఆ చప్పుడు బాగుంది, ఏం జరుగుతుందో నువ్వు చూసి చెప్పు అంది. అలా మొదలైంది. రోజూ రెండు గంటలకి అరగంట సేపు, ఆవిడ మంచం మీద, నేను కింద పీట మీద. బొమ్మల్ని చూసి నాకు తోచింది నేను చెప్పేదాన్ని, ఆవిడ వినేది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నీలం జుట్టు పిల్లకి మేమిద్దరం రెక్కల పిల్ల అని పేరు పెట్టుకున్నాం. మబ్బుల పైన వాళ్ళ లోకం, దానికి కోట తలుపంత తలుపు, ఆ తలుపు వెనక ఆ పిల్ల తల్లి ఉంటుందని మా లెక్క. ఆ పిల్ల కిందకి దిగి, గంటలు పోతపోసే ఒక కుర్రాణ్ణి ఇష్టపడి, తన లోకం వదిలేసి వాడితో ఉండిపోతుంది. వాడి జుట్టు ఎండుగడ్డి రంగు, కాబట్టి వాడు మాకు గడ్డివాము. వాళ్ళు రెండు పుల్లలతో గిన్నెలోంచి పొడుగ్గా ఏదో లాక్కుని తింటుంటే సేమియా అని చెప్పాను. అన్నంలోకి ఏంది అని అడిగింది ఆవిడ. నాకు తెలియకుండానే మధ్యాహ్నం రెండు కోసం పొద్దున్నే పనులు తెముల్చుకోవడం అలవాటైంది. ఇన్నేళ్ళలో మాట్లాడుకోనివి ఆ మూడు నెలల్లో మాట్లాడుకున్నాం, అయితే అన్నీ ఆ బొమ్మల గురించే.

ఆ కథలో ఒక తెల్ల గుడ్లగూబ ఉండేది. ఆ పిల్ల ఎక్కడికి పోతే అక్కడికి వచ్చి కొమ్మ మీదో, వాళ్ళ ఇంటి కప్పు మీదో వాలి, కళ్ళార్పకుండా చూస్తూ ఉండేది. గూబ వాలిన ఇల్లు బాగుపడదని మన వైపు పసిపిల్లకైనా తెలుసు. అందుకే అది కనపడగానే, అత్తా, మళ్ళీ వచ్చింది అని చెప్పేదాన్ని. ఆవిడ మెటికలు విరిచి, దాని నోట్లో మన్నుపడ, ఆ పిల్లని వదలదేందే అనేది. ఆ పిల్లకి జ్వరమొచ్చినా, గడ్డివాముకి దెబ్బ తగిలినా, అంతా ఆ గూబ చేసిందే అని ఇద్దరం తేల్చేశాం. నేను చెప్పడం, ఆవిడ నమ్మడం, ఆవిడ నమ్మిందని నేనూ నమ్మడం.

ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి, ఆ గడ్డివాముది ఏం కులమే అని అడిగింది. బొమ్మలకి కులమేంది అత్తా అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, అవున్లే అంది. ఆ అవున్లేలో ఏముందో నాకు వెంటనే తెలిసింది, తెలియనట్టు లేచి గేదెకి కుడితి పెట్టడానికి పోయాను.

ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక రెక్కల పిల్ల ఉంది. మా ఆడబిడ్డ. నేను కాపురానికొచ్చిన మూడో ఏడు, నా పెద్దకూతురు చంకలో ఉండగా, చిలకలూరిపేటలో పత్తి మిల్లు ఫిట్టరుతో వెళ్ళిపోయింది. వాళ్ళు మనవాళ్ళు కాదు. మా మామగారు వెతకలేదు, కేకలెయ్యలేదు. మూడో రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదినీ పెరట్లోకి పిలిచి తలస్నానాలు చేయించారు, చావుస్నానం. బతికున్న పిల్లకి. నీళ్ళు తోడి పోసింది నేనే, కోడల్ని కాబట్టి. మా అత్తగారు ఏడవలేదు, నెత్తిన పోసిన నీళ్ళు మొహం మీద కారుతుంటే తుడుచుకోలేదు, తడిచీర ఒంటి మీదే ఆరేదాకా పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇరవై ఏళ్ళు, మధ్యలో బస్సెక్కితే ముప్పావుగంట దూరం.

మా వీధికి గాజులమ్మే ఆవిడ ఒకామె వచ్చేది, సాయిబుల మనిషి, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. చిలకలూరిపేటలో, నాదెండ్లలో, మా ఊళ్ళో తిరిగి అమ్మేది. బొమ్మల కథ సగంలో ఉండగా ఒక పొద్దున నాకు గాజులు తొడిగి, లేచి, అలవాటు ప్రకారం మా అత్తగారి మంచం పట్టె మీద కూర్చుంది. నేను వంటింట్లో ఉన్నాను, గోడ సన్నది, చెవులు మంచివి. నీ కూతురు కబురు పెట్టింది వదినా, నీ చూపు పోయిందని తెలిసిందట, ఒక్కసారి వచ్చి పలకరించి పోతానంటుంది, నువ్వు ఊఁ అంటే వస్తుంది, లేకపోతే లేదు అని చెప్పింది. మా అత్తగారు ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు. కొన్నాళ్ళాగి చెబుతానంది. ఆ సంగతి ఆవిడ నాతో చెప్పలేదు, నేను విన్నానని ఆవిడతో చెప్పలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే మా పెద్దమ్మాయికి నాదెండ్ల సంబంధం ఒకటి నడుస్తోంది. పిల్లవాడు బుద్ధిమంతుడు, లెక్చరరు, మేము కళ్ళకద్దుకునే సంబంధం. వాళ్ళు పిల్లని చూసిపోయారు, మాటలకి రావాల్సి ఉంది. ఈ నెల రోజులూ ఇంట్లో ఏ కదలికా లేకుండా చూడు అని మా ఆయన నాతో అన్నారు. అంటే ఏమిటో ఆయన చెప్పక్కర్లేదు, నేనడగక్కర్లేదు. మేనత్త లేచిపోయిన ఇల్లు అని పాత కథ కొత్తగా లేస్తే నా కూతురికి పెళ్ళవదు, ఇదే నా భయం. ఆ భయంలో మా ఆడబిడ్డ నాకు మనిషిలా కనపడలేదు, గుమ్మం ముందు వాలబోయే గూబలాగే కనపడింది.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కరెంటు కోత మొదలైంది, కోత వేళలు పేపర్లో వేసేవాళ్ళు, మన కరెంటు మాత్రం పేపరు చదివేది కాదు. పిల్లలిద్దరినీ మా పుట్టింటికి గురజాల పంపించాను. కథ చివరికొచ్చిందని బొమ్మలే చెబుతున్నాయి. రెక్కల పిల్ల రెక్కలు రాలిపోయి, కాలినడకన కొండలెక్కి, తన లోకం తలుపు ముందుకొచ్చి నిలబడింది. ఆ రోజు మా అత్తగారు మంచం మీద పడుకోలేదు, లేచి కూర్చుంది, నా భుజం మీద చెయ్యేసింది. ఆవిడ చెయ్యి నా మీద పడటం అదే మొదలు. పిల్ల తలుపు ముందుకొచ్చింది అత్తా. ఊఁ. తలుపు వేసుంది అత్తా. ఊఁ. తలుపు మీద గూబ వాలింది అత్తా. భుజం మీద చెయ్యి బిగిసింది. అంతే, కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దమైంది.

ఒక నిమిషం చూశాం, రెండు నిమిషాలు చూశాం. ఆవిడ ఒళ్ళంతా చెమట, అయినా విసనకర్ర అడగలేదు. మా వీధి చివర పత్తి వ్యాపారం చేసే వాళ్ళింట్లో ఇన్వర్టరు ఉందని ఆవిడకి తెలుసు, వాళ్ళ పిల్లలు ఈ బొమ్మలే చూస్తారని నేనే చెప్పాను.

"పోయి చూసి రావే," అంది. "తలుపు తీశారో లేదో ఒక్కటి చూసి రా. నీకు పుణ్యముంటది."

ఆవిడ నన్ను ఎప్పుడూ దేనికీ బతిమాలలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను. ఎండ నెత్తిన మండుతోంది, వీధిలో పురుగు లేదు. ఆ ఇంటి దాకా వెళ్ళాను. తలుపులు బార్లా తీసున్నాయి, లోపల్నుంచి ఆ గజ్జెల చప్పుడు వినపడుతోంది. మెట్టు మీద ఒక కాలు పెట్టాను. అప్పుడు లోపల పిల్లలంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

పిల్లలు ఎందుకు చప్పట్లు కొడతారో తెలుసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ కాలు వెనక్కి తీసుకున్నాను. పక్కన కిరాణా కొట్టు చూరు కింద, కొట్టు మూసుంటే, కాసేపు నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆవిడకి ఇదంతా బొమ్మల కోసం కాదని నాకు తెలుసు. ఎలా తెలుసో అడగొద్దు, ఆడవాళ్ళకి తెలుస్తుంది. నాదెండ్ల వాళ్ళు తలుచుకుంటే వచ్చే వారమే వస్తారు, ఆ ఒక్కటే మనసులో తిరుగుతోంది. ఇంటికొచ్చాను. ఆవిడ కూర్చున్నచోటే కూర్చునుంది, తల గుమ్మం వైపు తిప్పుకుని.

"తియ్యలేదత్తా," అన్నాను. "గూబ తలుపు మీదే కూర్చునుంది. ఆ పిల్ల ఎనక్కి తిరిగి పోయింది."

ఆవిడ చెయ్యి మంచం పట్టెని తడుముకుంది. వాళ్ళమ్మ ఎంత రాతి మనిషి అని తిడుతుందనుకున్నాను, మామూలుగా అయితే అలాగే తిట్టాలి. తిట్టలేదు. "ఆమె ఇబ్బంది ఆమెకుంటదిలే," అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. కరెంటు వచ్చినా ఫ్యాను వెయ్యమనలేదు.

మర్నాటి నుంచి రెండు గంటలకి టీవీ పెట్టమనలేదు. గాజుల పిన్ని మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ ఏం చెప్పిందో ఈసారి నేను వినలేదు, వినబడకుండా రోలు దగ్గర పచ్చడి నూరుతూ కూర్చున్నాను. పిన్ని వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి నా వైపు చూసింది, గంప నెత్తికెత్తుకుని పోయింది. మా ఆడబిడ్డ రాలేదు. నాదెండ్ల వాళ్ళు మాత్రం వచ్చారు, మజ్జిగ తాగారు, పిల్ల కాస్త పొట్టి అని వారం తర్వాత కబురు పెట్టారు. పిల్ల పొట్టి అట. దానికోసమా నేనిదంతా చేసింది.

మా అత్తగారు ఆ శీతాకాలం దాటలేదు. కూతురికి కబురు చెయ్యొద్దన్నారు మా ఆయన, గాజుల పిన్ని ఎవరినీ అడక్కుండా తనే చేసింది. మా ఆడబిడ్డ వచ్చేసరికి శవాన్ని తీసుకెళ్ళిపోయారు. నేను వాకిట్లో నీళ్ళు కొట్టి కడుగుతున్నాను. తలెత్తితే వీధి మలుపులో, అదే కిరాణా కొట్టు చూరు కింద, చేతిలో చిన్న సంచీతో ఒకామె నిలబడుంది. జుట్టు నెరిసింది, అయినా నడుం మీద చెయ్యి పెట్టుకునే తీరు వాళ్ళమ్మదే. నేను చూశానని ఆమె చూసింది. రమ్మని చెయ్యెత్తితే సరిపోయేది, నోరు కూడా విప్పక్కర్లేదు. ఇంట్లో చుట్టాలంతా ఉన్నారు, మా ఆయన కాసేపట్లో శ్మశానం నుంచి వస్తారు. బిందె తీసుకుని లోపలికి పోయాను. మళ్ళీ బయటికొచ్చేసరికి చూరు కింద ఎవరూ లేరు.

పెద్దకర్మ అయ్యాక గాజుల పిన్ని వచ్చి నా పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా ఒక సంగతి చెప్పింది. మా అత్తగారికి ఏ నిర్ణయమైనా పూలు పెట్టి అడగడం అలవాటు. ఎర్ర మందారం ఒక పొట్లంలో, తెల్ల నందివర్ధనం ఒక పొట్లంలో కట్టి దేవుడి ముందు వేసి, పిల్లలెవరిచేతనైనా ఒకటి తీయించేది. తెల్లదొస్తే సరే, ఎర్రదొస్తే వద్దు. పొలం కౌలుకివ్వడం దగ్గర్నుంచి నన్ను కోడలిగా చేసుకోవడం దాకా ఆవిడ అలాగే తేల్చుకుంది. కూతురు కబురు పెట్టినప్పుడు, పూలు పెట్టి అడగరాదా వదినా అని పిన్ని అన్నదట. దానికి ఆవిడ అన్న మాట ఇది.

"పొట్లం ఇప్పి ఎర్రదో తెల్లదో చెప్పేది ఇంట్లోవాళ్ళే గదా వదినా, వాళ్ళకేది కావాలో అదే చెబుతారు. ఆ బొమ్మల కథలో ఎవరికేం కావాల? అందులో తల్లి తలుపు తీస్తే నేనూ తీస్తా."

నాకు తెలియక చేశానని ఎవరితో చెప్పుకోను? పూర్తిగా తెలియకపోవచ్చు. చప్పట్లు మాత్రం విన్నాను కదా.

ఆ తర్వాత కాలం ఎలా మారిపోయిందో మీ అందరికీ తెలుసు. మా పెద్దమ్మాయికి ఇంకో సంబంధం కుదిరింది, బాగానే ఉంది. ఎనిమిది తొమ్మిదేళ్ళకి మా రెండోది హైదరాబాదులో తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. వాళ్ళు మనవాళ్ళు కాదు. నేను వంటింట్లోంచి బయటికి రాకుండా ఉంటే, మా ఆయన రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు పిల్లవాడి జీతం, చదువు అడిగి, సరే కానివ్వండి అన్నారు. ఊళ్ళోనే ఫంక్షన్ హాలు, వెయ్యి మంది భోజనాలు, పిడుగురాళ్ళ నుంచి చుట్టాలు ఒక లారీడు దిగారు. ఒక్కరు ముక్కు విరవలేదు, ఒక్కరు ఏ కులం అని అడగలేదు, అడిగినా స్వీటు తింటూ అడిగారు. ఆ రోజు అక్షింతలు వేసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అందరూ ఆనందం అనుకున్నారు. ఇంత తేలికైనదాని కోసమా ఒక మనిషిని బతికుండగా చంపుకున్నాం అని నేను లోపల ఏడ్చాను. మా ఆడబిడ్డని పిలుద్దామని నోటిదాకా వచ్చింది, నోట్లోనే ఉండిపోయింది.

ఆమె కరోనా రోజుల్లో పోయింది. గాజుల పిన్ని కొడుకు ఫోను చేసి చెబితే తెలిసింది, అప్పటికే మూడు రోజులైంది. మైల స్నానం చెయ్యాలి కదా అని మా ఆయన్ని అడిగాను. ఆయన కుర్చీలో కూర్చుని కిటికీ వైపు చూస్తూ, స్నానం అప్పుడే అయిపోయింది కదా అన్నారు. కోపంతో అనలేదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. చెల్లెలి కోసం ఏడవడానికి కూడా మా ఇంట్లో ఒక పద్ధతి మిగల్లేదు.

ఇదీ సంగతి. మొన్న మా మనవరాలు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అయ్యో అమ్మమ్మా, ఆ గుడ్లగూబ చెడ్డది కాదు, అదే వాళ్ళమ్మ అంది. కూతురు మొహం చూడకూడదని వాళ్ళ లోకంలో కట్టుబాటు పెట్టారట, అందుకని ఆ తల్లి గూబ రూపంలో రోజూ వచ్చి కూతుర్ని చూసుకుని పోయేదట. జ్వరమొచ్చినప్పుడు రాత్రంతా కప్పు మీద కాపలా కూర్చున్నది అదేనట. మేమిద్దరం మూడు నెలలు మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టింది ఆ తల్లికి.

చివరిది పెట్టవే అన్నాను. పెట్టింది. కొండలు, కాలినడక, తలుపు, తలుపు మీద గూబ. ఆ చోటికి రాగానే, కరెంటు పోతుందేమో అని పైన ఫ్యాను వంక చూశాను. కరెంటు పోలేదు. ఆ పిల్ల చిన్నతనమంతా ఒకసారి చూపించాక, గూబ కిందకి వాలి తెల్లజుట్టు ఆడమనిషయింది, ఆ పిల్ల తలుపు తట్టడానికి చెయ్యెత్తకముందే రెండు తలుపులూ లోపలికి తెరుచుకున్నాయి. అంతే. కరెంటు పోయిన చోటు నుంచి ఐదు నిమిషాలు కూడా లేదు. మా మనవరాలు, కులం కాని పెళ్ళికి పుట్టి అందరి ముద్దూ పొందుతున్న పిల్ల, అలవాటుగా చప్పట్లు కొట్టింది.

నేను లేచి దొడ్లోకి పోయి, బకెట్టు కుళాయి కింద పెట్టి, చల్లనీళ్ళు నెత్తిన పోసుకున్నాను. చీరతోనే. ఇద్దరికీ, తల్లికీ కూతురికీ. తడి జుట్టుతో లోపలికొస్తే, ఇప్పుడు స్నానమేంటి అమ్మమ్మా అంది మనవరాలు. ఉక్కగా ఉందన్నాను.

ఇప్పుడు కోతలు లేవు, ఇన్వర్టరున్న ఇంటికి పోయి చూసి రావాల్సిన పని లేదు. కథ ఎక్కడాపితే అక్కడే ఉంటుంది, తెలుగులో చెబుతుంది, వెనక్కి తిప్పితే వెనక్కి పోతుంది. ఆ పిల్ల ఫోనులో ఆ తలుపు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తెరుచుకుంటుంది. మన ఇళ్ళ తలుపులు కూడా ఇప్పుడు తీసే ఉంటున్నాయి, ఒకప్పుడు ఎందుకు వేశామో పిల్లలకి చెప్పినా అర్థం కాదు. నేను కూడా ఇవాళ నిజం చెప్పగలను. తీశారత్తా, వాళ్ళమ్మే తీసింది అని గట్టిగా, వీధి చివరిదాకా వినపడేలా చెప్పగలను. తీశారా అని అడిగే మనిషే లేదు.